డాలస్ పెరట్లో హమ్మింగ్‌బర్డ్ కోసం: ఏ మొక్క, ఏ తీగ, చక్కెర నీళ్ళ ఫీడర్ పెట్టాలా వద్దా

మార్చి సగం దాటిందంటే మా ఇంట్లో అందరి చూపూ వెనక కిటికీ మీదే. చలికాలం మెక్సికోలో, మధ్య అమెరికాలో గడిపిన రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్‌లు డాలస్ చుట్టుపక్కలకి తిరిగొచ్చేది ఆ రోజుల్లోనే. పిట్ట బరువు మూడు గ్రాములు, పెన్నీ నాణెం కంటే ఓ పిసరు ఎక్కువ. వాటిలో చాలావరకు గల్ఫ్ ఆఫ్ మెక్సికోని ఎక్కడా వాలకుండా ఒకే ఎగురులో దాటేస్తాయి. సుమారు 800 కిలోమీటర్ల నీళ్ళు. అంత ప్రయాణం చేసి వచ్చిన పిట్టకి మన పెరట్లో పచ్చగడ్డి తప్ప ఒక్క పువ్వు కూడా లేకపోతే మనసుకి కష్టంగా ఉంటుంది.

ఫ్రిస్కో, ప్రాస్పర్, మెకిన్నీ వైపు కొత్త ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళు చాలామందికి బిల్డర్ ఇచ్చేది గడ్డి, రెండు చెట్లు, ఇంటి ముందు కొన్ని హోలీ పొదలు. వాటిలో హమ్మింగ్‌బర్డ్‌కి పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. నర్సరీకి వెళ్తే మాత్రం ఇరవై రకాల మొక్కల మీద ఆ పిట్ట బొమ్మ వేసి ఉంటుంది. ఏది కొనాలో తేల్చుకోవడం కోసమే ఇది రాస్తున్నాను. నేను చెప్పేది డాలస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతం గురించి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వాళ్ళకి చివర్లో రెండు మాటలు చెబుతాను.

ముందు ఒక్క విషయం. మొక్కని రంగు చూసి ఎంచుకోకండి, క్యాలెండర్ చూసి ఎంచుకోండి. మా ప్రాంతంలో ఈ పిట్టలకి తిండి అవసరమైన సమయాలు మూడు. మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా ప్రయాణం చేసి అలిసిపోయి వస్తాయి. మే నుంచి జులై దాకా కొన్ని ఇక్కడే గూడు కట్టుకుంటాయి. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా దక్షిణానికి తిరుగు ప్రయాణం. అసలైన సందడి ఈ మూడోదే. ఆ ఏడాది పుట్టిన పిల్లపిట్టలు కూడా కలుస్తాయి కాబట్టి సంఖ్య పెరుగుతుంది, గల్ఫ్ దాటడానికి అవి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటాయి. ఏప్రిల్‌లో విరగబూసి జూన్‌కి ఆగిపోయే మొక్క ఎంత అందంగా ఉన్నా, సెప్టెంబరులో వచ్చిన పిట్టకి అది ఉత్త ఆకుల గుబురే.

మొదటి ఏడాది నేను ఈ లెక్క తెలియక కొన్నాను. ఎరుపు రంగు ఉంటే చాలు అనుకుని ఓ పెద్ద దుకాణంలో ఎర్ర జెరేనియంలు, రెండు ముద్దమందారాలు తెచ్చిపెట్టాను. వేసవంతా చూశాను, ఒక్క పిట్ట కూడా ఆగలేదు. జెరేనియంలో తేనె అంతంత మాత్రం. ముద్దమందారంలో రేకులు గుబురుగా ఉండి ముక్కు లోపలికి పోవడానికి దారి ఉండదు. అదే రేకమందారం అయితే వాలతాయి, కానీ మందారం ఇక్కడి చలికి తట్టుకోదు, నవంబరులో కరివేపాకు కుండీతో పాటు గరాజ్‌లోకి చేరాల్సిందే. అందుకే తేనె కోసం మొక్క కొనేటప్పుడు పువ్వు గొట్టంలా ఉందా, ఒంటిరేకుదా అని చూడండి. ఎరుపే ఉండాలన్న నియమం కూడా లేదు. బ్లాక్ అండ్ బ్లూ అనే సాల్వియా పూలు ముదురు నీలం, వాటి మీద పిట్టలు కొట్టుకుంటాయి.

ఊళ్ళో తేనెపిట్టని చూస్తూ పెరిగినవాళ్ళకి ఇక్కడ ఒక తేడా గమనింపుకి వస్తుంది. మన తేనెపిట్ట సాధారణంగా కొమ్మ మీద కూర్చుని తాగుతుంది. హమ్మింగ్‌బర్డ్ గాల్లోనే నిలబడి తాగుతుంది, వెనక్కి కూడా ఎగురుతుంది. రెండూ వేరు వేరు కుటుంబాలవి, హమ్మింగ్‌బర్డ్ జాతులన్నీ అమెరికా ఖండాల్లోనే ఉన్నాయి. గాల్లో నిలబడే పిట్ట కాబట్టి పువ్వు చుట్టూ రెండు మూడు అడుగుల ఖాళీ జాగా ఉండాలి. కంచెకి అతుక్కుని, పక్క పొదలో ఇరుక్కుని పూసే పువ్వు దానికి కష్టం.

నీడ ఉన్న పెరడా, ఎండ మాడ్చే పెరడా

పొదల్లో అసలు పోటీ నాలుగింటి మధ్య: టర్క్స్ క్యాప్, ఫ్లేమ్ అకాంథస్, ఆటమ్ సేజ్, రెడ్ యుక్కా. నాలుగూ టెక్సస్ నేలవే, నాలుగింటికీ పిట్ట వస్తుంది. ఏది మీది అన్నది మీ పెరట్లో ఎండ, మట్టి తేలుస్తాయి.

మట్టి సంగతి మనకి కొత్త కాదు. డాలస్ కింద ఉన్న బ్లాక్‌లాండ్ ప్రెయిరీ నేల అచ్చం మన నల్లరేగడి. వానకి బంకలా సాగుతుంది, ఎండకి చెయ్యి దూరేంత పగుళ్ళు ఇస్తుంది. పునాదుల గురించి ఇక్కడందరికీ టెన్షన్ ఉండేది ఈ మట్టి వల్లే. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళే మొక్కని ఈ నేలలో గుంట తవ్వి పాతిపెడితే ఆ గుంటే నీళ్ళ తొట్టి అవుతుంది.

టర్క్స్ క్యాప్ మందారం కుటుంబానిది. మన ఊళ్ళల్లో పువ్వు విచ్చుకోకుండా మొగ్గలాగే వేలాడే మందారం పెంచుతారు కదా, దానికి దగ్గరి చుట్టం. దీని పువ్వు కూడా పూర్తిగా విచ్చదు, చుట్టుకున్న ఎర్ర తలపాగాలా పైకి నిలబడి ఉంటుంది. వేసవి మొదట్లో మొదలుపెట్టి మంచు కురిసేదాకా పూస్తుంది. నల్లరేగడిని పట్టించుకోదు. అన్నిటికంటే పెద్ద గుణం, నీడలో కూడా పూస్తుంది. చెట్టు కింద, ఇంటికి ఉత్తరం వైపు, రెండంతస్తుల పక్కింటి నీడ పడే చోట ఇంకేదీ పూయదని వదిలేసిన జాగాలో ఇది నిండుగా పెరుగుతుంది. మధ్యాహ్నం నేరుగా ఎండ తగిలితే మాత్రం ఆకులు ముడుచుకుంటాయి. మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తు, పక్కలకి కూడా అంతే పరుచుకుంటుంది కాబట్టి ఇరుకు చోట పెట్టకండి.

ఫ్లేమ్ అకాంథస్ మన కనకాంబరం కుటుంబం. పూల రంగు కూడా ఆ నారింజ ఎరుపే, కాకపోతే సన్నగా పొడుగ్గా గొట్టంలా ఉంటాయి. జులై ఎండలో మిగతా మొక్కలు వాడిపోయి నిలబడినప్పుడు ఇది పూత అందుకుంటుంది, చలి దాకా ఆపదు. తిరుగు ప్రయాణం రోజులకి ఇంత బాగా కుదిరే పొద నాకు ఇంకోటి దొరకలేదు. ఎండ పూర్తిగా కావాలి, వేళ్ళు పట్టాక నీళ్ళు పెద్దగా అడగదు. గింజలు రాలి చుట్టూ పిల్లమొక్కలు వస్తుంటాయి, అవసరం లేనివి పీకేయాలి. నర్సరీలో దీన్ని హమ్మింగ్‌బర్డ్ బుష్ అని కూడా అంటారు. అదే పేరుతో హామీలియా అనే ఇంకో మొక్క కూడా అమ్ముతారు. అది కూడా మంచిదే గానీ డాలస్ చలికి చచ్చిపోయే అవకాశం ఎక్కువ. చీటీ మీద అనిసకాంథస్ అని ఉందో లేదో చూసి కొనండి.

ఆటమ్ సేజ్, అంటే సాల్వియా గ్రెగీ, తులసి కుటుంబం. ఆకు నలిపితే ఘాటైన వాసన వస్తుంది, అందుకే జింకలు, కుందేళ్ళు దాని జోలికి పోవు. ఇది వసంతంలో ఒకసారి, చల్లబడ్డాక ఇంకోసారి బాగా పూస్తుంది, మధ్యలో నడివేసవిలో నెమ్మదిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో వచ్చే పిట్టకి అందుబాటులో ఉండే చిన్న పొద ఇదే. రెండు మూడు అడుగులు దాటదు కాబట్టి ఇంటి ముందు కూడా చక్కగా ఉంటుంది. దీని బలహీనత వేరు: నీళ్ళు నిలిచే చోట ఒక్క తడి వసంతానికే పోతుంది. నల్లరేగడిలో పెట్టాలంటే మట్టిని ఆరేడు అంగుళాలు ఎత్తుగా పోసి, కంపోస్టు, సన్న కంకర లాంటిది కలిపి ఆ గట్టు మీద నాటండి. నాకు రెండు మొక్కలు పోయాక గానీ ఈ బుద్ధి రాలేదు.

రెడ్ యుక్కా పేరుకే యుక్కా. నిజానికి కిత్తలికి దగ్గరి జాతి. కత్తుల్లాంటి సన్నని ఆకులు, మధ్యలోంచి నాలుగైదు అడుగుల కాడ, దాని నిండా పగడం రంగు పూలు మే నుంచి సెప్టెంబరు దాకా. డ్రైవ్‌వే పక్కన కాంక్రీటు వేడి తగిలే చోట కూడా బతుకుతుంది. అసలు తోటపని చెయ్యలేనివాళ్ళకి ఇదే. ఊరి చివర ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక, జింకలు ఆకులు వదిలేసి పూలకాడ మాత్రం కొరుకుతాయి.

ఒక్కటే మొక్క కొంటాను అంటే నేను చెప్పేది ఇది. నీడ ఉంటే టర్క్స్ క్యాప్, ఎండ ఉంటే ఫ్లేమ్ అకాంథస్. రెండో మొక్కగా వసంతం కోసం ఆటమ్ సేజ్, కానీ గట్టు వేసే ఓపిక ఉంటేనే. ఒక్కో రకం ఒక్కోటి చొప్పున పది రకాలు పెట్టేకంటే, ఒకే రకం మూడు మొక్కలు పక్కపక్కన పెట్టడం మంచిది. ఎగురుతూ పోయే పిట్ట కంటికి రంగు కుప్పగా కనబడాలి.

కార్డినల్ ఫ్లవర్ ఫొటోలు చూసి మనసు పారేసుకునేవాళ్ళుంటారు. ఆ ఎరుపు నిజంగానే అద్భుతం, పూసేదీ సరిగ్గా ఆగస్టు చివర్లోనే. కానీ దానికి ఎప్పుడూ తడి ఉండాలి. ఏసీ నీళ్ళు కారే మూల లాంటి చోటు ఉంటే ప్రయత్నించండి, లేకపోతే వద్దు. డబ్బు ఖర్చు పెట్టకుండా మొదలుపెట్టాలంటే స్కార్లెట్ సేజ్ గింజలు చల్లండి. ఆ ఏడాదే పూస్తుంది, తర్వాత దాని గింజలు అదే రాల్చుకుంటుంది. తలంబ్రాల పూలని మనం పిలిచే లాంటానా ఇక్కడ ప్రతి ఇంటి ముందూ కనిపిస్తుంది. సీతాకోకచిలుకలకి బాగుంటుంది, హమ్మింగ్‌బర్డ్‌లు అప్పుడప్పుడు మాత్రమే ఆగుతాయి.

కంచె మీదికి తీగ

ఇక్కడ తప్పు చేస్తే ఏళ్ళ తరబడి అనుభవించాలి, అందుకని కొంచెం గట్టిగా చెబుతున్నాను. హమ్మింగ్‌బర్డ్ తీగ అనగానే ఎవరైనా చెప్పే పేరు ట్రంపెట్ వైన్. పిట్టలకి అదంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ అది కాండం మీద పుట్టే వేళ్ళతో కంచె చెక్కల్లోకి, ఇటుకల సందుల్లోకి దూరుతుంది, ముప్పై అడుగులు పాకుతుంది, నాటిన చోటికి దూరంగా గడ్డిలోంచి పిలకలు లేపుతుంది. కొందరికి దాని పాలు తగిలితే దురద. ఆరడుగుల చెక్క కంచె, ఐదడుగుల పక్కన ఇంకొకరి ఇల్లు ఉన్న సబ్‌డివిజన్ కాలనీలో ఇది నాటడం పక్కింటివాళ్ళతో తగువు కొని తెచ్చుకోవడమే. ఎకరాల స్థలం ఉన్నవాళ్ళు ఎక్కడో ఒంటరి స్తంభానికి పాకించుకోవచ్చు.

దాని బదులు కోరల్ హనీసకిల్ పెట్టండి. పది, పదిహేను అడుగులకి ఆగుతుంది, చిన్న పందిరికో, జాలీకో చుట్టుకుంటుంది, గోడలకి అంటదు. మార్చిలోనే పగడాల గుత్తుల్లా పూలు వచ్చేస్తాయి. మొదటి పిట్ట వచ్చేనాటికి పువ్వు సిద్ధంగా ఉంటుంది, ఆ తర్వాత కూడా విడతలుగా పూస్తూనే ఉంటుంది. గాలి ఆడని మూల పెడితే ఆకుల మీద బూడిద తెగులు వస్తుంది. ఎర్రటి పండ్లు పక్షులకే, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

కొనేటప్పుడు పేరు దగ్గర జాగ్రత్త. హనీసకిల్ అని అడిగితే తెల్లగా, పసుపుగా, కమ్మని వాసనతో పూసే జపనీస్ హనీసకిల్ చేతికిచ్చే ప్రమాదం ఉంది. అది అడవుల్లోకి పాకి స్థానిక మొక్కల్ని కప్పేసే కలుపు తీగ. చీటీ మీద లోనిసెరా సెంపర్‌వైరెన్స్ అని ఉండాలి, జపోనికా అని ఉండకూడదు. కోరల్ హనీసకిల్‌కి వాసన ఉండదు, గుర్తుపట్టడానికి అదొక తేలిక మార్గం. ఈ పిట్టలు పువ్వుని వెతికేది కంటితోనే కాబట్టి వాసన లేకపోవడం లోటేమీ కాదు.

రెండింటికీ మధ్యలో క్రాస్‌వైన్ ఉంది. పెద్ద కంచె మొత్తం కప్పాలంటే అదే సరైనది. వసంతంలో కంచె కనబడనంత పూస్తుంది, ట్రంపెట్ వైన్ అంత మొండిది కాదు. కాకపోతే పూతంతా దాదాపు ఏప్రిల్‌తో సరి. అది పెడితే ఆగస్టు పిట్టల కోసం కింద ఫ్లేమ్ అకాంథస్ ఉండి తీరాలి.

ఫీడర్ సంగతి

చక్కెర నీళ్ళ ఫీడర్ పెట్టాలా, పూలమొక్కలే చాలా అని చాలామంది అడుగుతారు. ఫీడర్ వల్ల లాభం, ఈరోజు తగిలిస్తే ఈ వారంలోనే పిట్ట రావచ్చు. మొక్క పూయడానికి నెలలు పడుతుంది. పిల్లలకి ఆశ పుట్టించడానికి, అపార్ట్‌మెంట్ బాల్కనీ ఉన్నవాళ్ళకి ఫీడర్ మంచి దారే. కానీ అది పెంపుడు జంతువు లాంటిది. టెక్సస్ వేసవిలో 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాక చక్కెర నీళ్ళు ఒకటి రెండు రోజుల్లోనే పులుస్తాయి. కాస్త చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు రోజులు ఆగొచ్చు. ప్రతిసారీ పారబోసి, బ్రష్‌తో తోమి, కొత్తవి పొయ్యాలి. నల్ల బూజు పట్టిన ఫీడర్ పిట్టకి జబ్బు తెస్తుంది.

మనవాళ్ళ ఇళ్ళల్లో అసలు చిక్కు ఇక్కడే. వేసవి సెలవుల్లో ఆరు వారాలు ఇండియా వెళ్తాం. మీ ఇంట్లో అదే పద్ధతైతే వేసవిలో ఫీడర్ తీసి లోపల పెట్టెయ్యండి, మొక్కల మీదే ఆధారపడండి. స్ప్రింక్లర్ టైమర్ ఉంటే టర్క్స్ క్యాప్, రెడ్ యుక్కా మీరు లేకపోయినా పూస్తూనే ఉంటాయి. ఆగస్టులో తిరిగొచ్చాక ఫీడర్ కడితే సరిగ్గా రద్దీ మొదలయ్యే సమయం. నేను చేసేది ఇదే, నాకు ఇదే నచ్చింది.

పాళ్ళు ఒక కప్పు చక్కెరకి నాలుగు కప్పుల నీళ్ళు. మామూలు తెల్ల చక్కెర మాత్రమే. బెల్లం ఆరోగ్యం కదా అని పెద్దవాళ్ళు సలహా ఇస్తారు, ప్రేమతోనే చెబుతారు, కానీ బెల్లంలో, బ్రౌన్ షుగర్‌లో ఉండే ఇనుము ఈ పిట్టలకి మంచిది కాదు. తేనె కలిపితే బూజు త్వరగా పడుతుంది. ఎర్ర రంగు అసలు వద్దు, ఫీడర్ మీద ఎరుపు ఉంటే చాలు. మిగిలిన నీళ్ళు ఫ్రిజ్‌లో వారం దాకా దాచుకోవచ్చు.

ఫీడర్‌లలో తలకిందుల సీసా రకం, పళ్ళెం రకం అని రెండున్నాయి. నేను పళ్ళెం రకమే కొనమంటాను. మూత తీస్తే మొత్తం చెయ్యి పెట్టి కడగొచ్చు, ఎండకి నీళ్ళు ఉబ్బి కారవు, తేనెటీగల నోరు అందదు. చీమలకి పైన చిన్న నీళ్ళ గిన్నె తగిలిస్తే ఆగిపోతాయి. కిటికీకి మూడడుగుల లోపు గానీ, ముప్పై అడుగులకి దూరంగా గానీ కట్టండి. మధ్యస్థ దూరంలో ఉంటే వేగం అందుకుని అద్దాన్ని గుద్దుకుంటాయి. ఒక మగపిట్ట కాపలా కూర్చుని మిగతావాటిని తరిమేస్తుంటే ఇంకో ఫీడర్ కొని ఇంటికి అవతలి వైపు, దాని కంటికి కనబడని చోట కట్టండి. పక్కనే కడితే రెండూ తనవే అంటుంది.

ఫీడర్ ఉంచితే పిట్టలు వలస మానేస్తాయని ఒక భయం ఉంది. అలా జరగదు, పగటి వేళ తగ్గడమే వాటికి బయల్దేరమని చెప్పే గుర్తు. చివరి పిట్ట కనబడ్డాక ఇంకో రెండు వారాలు ఉంచండి, ఉత్తరం నుంచి ఆలస్యంగా వచ్చేదానికి ఆసరా అవుతుంది.

మందు కొట్టాలా, పురుగుల్ని వదలాలా

చక్కెర ఒక్కదాంతోనే ఈ పిట్ట బతకదు. దోమలు, చిన్న ఈగలు, సాలీళ్ళు తింటుంది, పిల్లలకి ఎక్కువగా పెట్టేదీ అవే. తల్లి ఒక్కతే సాలెగూడు దారంతో గూడు అల్లుతుంది, చిక్కుడు గింజంత గుడ్లు రెండు పెడుతుంది. కాబట్టి పెరడంతా దోమల మందు కొట్టించే కాంట్రాక్టుకి, హమ్మింగ్‌బర్డ్ తోటకి పొత్తు కుదరదు. నిలవ నీళ్ళు పారబోసుకోవడమే దోమలకి మేలైన మార్గం. మొక్క కొనేటప్పుడు నియోనికోటినాయిడ్ రకం పురుగుమందు వాడారా అని అడగండి. వేరు దగ్గర పోసే మందు తేనెలోకి కూడా చేరుతుంది. ఈ కారణం చేతే నేను స్థానిక మొక్కలు అమ్మే చోటే కొంటున్నాను. మెకిన్నీలో హర్డ్ మ్యూజియం వసంతంలో స్థానిక మొక్కల అమ్మకం పెడుతుంది. ఏ మొక్క ఏ ఎండకి, ఏ మట్టికి అన్నది తెలుసుకోవాలంటే ఆస్టిన్‌లోని లేడీ బర్డ్ జాన్సన్ వైల్డ్‌ఫ్లవర్ సెంటర్ వెబ్‌సైట్‌లో వెతకండి.

గడ్డి తీసేసి మొక్కలు పెడితే హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ళ యజమానుల సంఘం) ఊరుకుంటుందా అని సందేహం ఉంటే, టెక్సస్‌లో 2013 నాటి చట్టం నీటిని ఆదా చేసే తోటని హెచ్‌ఓఏ పూర్తిగా నిషేధించకుండా అడ్డుకుంటుంది. ప్లాన్ చూపించమని మాత్రం అడగొచ్చు. ముందే గీసి ఇవ్వండి.

ఇతర చోట్ల ఉన్నవాళ్ళకి

కాలిఫోర్నియాలోని బే ఏరియాలో లెక్క పూర్తిగా వేరు. అక్కడ అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ ఏడాది పొడవునా ఉంటుంది, చలికాలం పూలే అసలు కొరత. మంజనీటా పెట్టండి, వేసవి చివరికి కాలిఫోర్నియా ఫ్యూషియా, చెట్టు నీడకి హమ్మింగ్‌బర్డ్ సేజ్. న్యూజెర్సీలో పిట్ట ఉండేది దాదాపు ఏప్రిల్ చివర నుంచి సెప్టెంబరు దాకా. కోరల్ హనీసకిల్, బీ బామ్ సరిపోతాయి. డాలస్‌లో నేను వద్దన్న కార్డినల్ ఫ్లవర్ అక్కడ తడి నేలలో సుఖంగా పెరుగుతుంది.

ఎప్పుడు నాటాలి

దుకాణాల్లో మొక్కలు నిండుగా కనిపించేది ఏప్రిల్‌లో, కానీ పొదలకీ తీగలకీ మంచి సమయం అక్టోబరు, నవంబరు. చలికాలమంతా వేరు కిందికి దిగి, మొదటి వేసవికి తట్టుకుంటుంది. వసంతంలో నాటితే మొదటి వేసవి వారానికి రెండు మూడు సార్లు వేరు దగ్గర నీళ్ళు పొయ్యక తప్పదు, ఇండియా ప్రయాణం ఉంటే ఆ మొక్క దక్కదు.

మంచు పడ్డాక టర్క్స్ క్యాప్, ఫ్లేమ్ అకాంథస్ ఎండుపుల్లల్లా నిలబడతాయి. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ రెండు ఫారన్‌హీట్ దాకా పడిపోయినప్పుడు నా టర్క్స్ క్యాప్ నేల మట్టానికి మాడిపోయింది, ఆ వేసవికి మళ్ళీ నడుము ఎత్తుకి లేచింది. పుల్లల్ని ఫిబ్రవరి చివర్లో అరచెయ్యంత ఎత్తుకి కత్తిరించి వదిలెయ్యండి. టర్క్స్ క్యాప్ మార్చిలో చిగురు చూపిస్తుంది. ఫ్లేమ్ అకాంథస్ మాత్రం ఏప్రిల్ దాటినా కదలకపోవచ్చు. అందరి మొక్కలూ పచ్చబడ్డా అదొక్కటే ఎండు మోడులా ఉందని నేను పార పట్టుకుని వెళ్ళాను, అదృష్టం కొద్దీ గోటితో గీరి చూశాను. తొక్క కింద పచ్చగా ఉంది. మీరు కూడా మే సగం దాకా ఆగండి.